చలిమిడిలో చింతగింజ

తల్లి కడుపులో మనల్ని అల్లిన దేవునికి, మన ఒంట్లో ఏ నరం ఎక్కడుందో మనకంటే ముందే తెలిసిన తండ్రికి స్తోత్రం. ఆయన చేతిపని మీద చేతులు వేసి బతికిన నాలాంటి నర్సుకు ఆయన్ని పొగడకుండా నోరు పెగలదు. మా సంఘంలో ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి లేస్తే ముందు పాట, తరువాత స్తుతి, ఆ తరువాతే సంగతి. నేను పాట అందుకుంటే మీరు కాగితం మడిచేస్తారు కనుక స్తుతితో సరిపెట్టి సంగతిలోకి వస్తున్నాను.

మా సంఘంలో నర్సింగు చదువుతున్న అమ్మాయిలు మొన్న ఆరాధన అయ్యాక నన్ను చుట్టుముట్టి, "అమ్మగారూ, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదండీ?" అని అడిగారు. కలరా సంగతో, కొల్లేటి వరదల సంగతో చెబుతాననుకున్నారు. నేను చెప్పింది జ్వరం లేని, మూలుగు లేని, కనీసం నొప్పయినా లేని మనిషి సంగతి. వాళ్ళ మొహాలు కొంచెం చిన్నబోయాయి. చివరిదాకా విన్నాక మాత్రం రాసిపెట్టమని వాళ్ళే పట్టుబట్టారు.

నేను ఏలూరులో మిషను ఆసుపత్రిలో చేరింది యాభైల మొదట్లో. మా డాక్టరమ్మగారు సముద్రం అవతలి నుంచి వచ్చిన దొరసాని. తెలుగు నేర్చుకున్నది పరిశుద్ధ గ్రంథం ముందు పెట్టుకుని. అందుకని ఆవిడ నోట మాటలన్నీ గ్రాంథికంగా వచ్చేవి. "అమ్మా, భయపడకుము. నాలుక చూపుము" అనేవారు. కొల్లేటి జనానికి అదంటే మహా ముచ్చట. "దొరసానమ్మగారు నాటకంలో రాజుగారిలా మాట్లాడతారేంటండీ!" అని, జబ్బు లేనివాళ్ళు కూడా వచ్చి నాలుక చూపించి పోయేవారు.

ఆ రోజుల్లో రొమ్ము క్యాన్సర్ అనే మాట మా వైపు ఎవరికీ తెలియదు. రాచపుండు అనేవారు. ఆ పేరులోనే ఉంది చిక్కంతా. పుండు పడితేనే రాచపుండు. పుండు పడకముందు, లోపల గింజంత గడ్డగా ఉన్నప్పుడు, దానికసలు పేరే లేదు. పేరు లేనిదాన్ని ఎవరు పట్టించుకుంటారు? జిల్లేడాకు వెచ్చచేసి కట్టేవారు. పిల్లల తల్లయితే పాలగడ్డ అనేవారు. మా దగ్గరికి వచ్చేసరికి చర్మం పగిలి, చంక కింద బిళ్ళలు కట్టి, పడుకోబెట్టుకుని మోసుకొచ్చేవారు. ఎందుకమ్మా ఇన్నాళ్ళు ఊరుకున్నారంటే అందరిదీ ఒకటే జవాబు. "నొప్పి లేదు కదండీ!"

డాక్టరమ్మగారు ఒకసారి సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళి, కొత్త ఉత్సాహంతో తిరిగివచ్చారు. అక్కడ ఆడవాళ్ళు నెలకొకసారి తమ రొమ్ములు తామే తడిమి చూసుకోవాలని చెబుతున్నారట. గడ్డ చిన్నగా ఉండగానే తీసేస్తే మనిషి బతుకుతుందట. "ఈ సంగతి లంకలన్నిటా ప్రకటింపవలెను" అని బల్ల మీద చెయ్యి కొట్టి మరీ చెప్పారు.

కొల్లేటి నీళ్ళ మధ్య దిబ్బల మీదుండే లంకలకు మేము అప్పుడప్పుడూ వైద్యానికి వెళ్ళేవాళ్ళం. భీమడోలు దాకా రైలు, అక్కడినుంచి ఎడ్లబండి, నీళ్ళు మొదలయ్యాక తాటిదోనె. డాక్టరమ్మగారు, కాంపౌండరుగారు, మా బైబిలు స్త్రీ, నేను. బైబిలు స్త్రీ అంటే ఊళ్ళలో తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే మనిషి. మా ఆవిడ భారీ మనిషి, అంతకంటే భారీ నవ్వు. ఆవిడ దోనె ఎక్కుతుంటే, "మామ్మగారూ, మీరు మధ్యలో కూర్చోండి, లేకపోతే కొల్లేరు మన దోనెలోకొచ్చేస్తుంది" అని దోనెవాడు బతిమాలేవాడు. కాంపౌండరుగారు సంఘపెద్ద, బ్రహ్మచారి, సిగ్గరి. మేజిక్ లాంతరు ఆయన చేతిలో ఉండేది. గాజు పలకల మీద బొమ్మలు గీసి, లాంతరు వెలుగులో తెల్లగుడ్డ మీద పెద్దవి చేసి చూపించే యంత్రమది. ఆ బొమ్మల కోసమే ఊరు ఊరంతా వచ్చేది.

అలా ఒక లంకలో సందె చీకటి పడగానే గుడ్డ కట్టాం. మొదటి బొమ్మ, ప్రభువు చెప్పిన కథలో వెండినాణెం పోగొట్టుకున్న ఆడమనిషి. దీపం వెలిగించి, చీపురు పట్టుకుని ఇల్లంతా ఊడ్చి వెదుకుతూ ఉంటుంది. డాక్టరమ్మగారి ఆలోచన బాగానే ఉంది. ఈవిడ ఇంట్లో వెదికినట్టే ప్రతి ఆడమనిషీ తన ఒంట్లో వెదకాలని చెప్పి, తరువాతి పలకలో తానే స్వయంగా రంగులతో వేసిన బొమ్మ చూపించాలని. ఎవరూ ఆలోచించని సంగతి ఒక్కటే. ఊళ్ళో బొమ్మలాటకు ముందు వరసలో కూర్చునేది పెద్దమనుషులు. ఆడవాళ్ళు వెనక, చీకట్లో.

పలక మారింది. తెల్లగుడ్డ మీద, కోనేటంత వెడల్పున, ఒక స్త్రీ రొమ్ము.

వెంటనే వెనకనుంచి గాజుల గలగల. ఆడవాళ్ళందరూ లేచి పోతున్నారు. ముందు వరసలో ఒక ముసలాయన గొంతు సవరించుకుని ఎంతో మర్యాదగా, "డాక్టరమ్మగారూ, ఇది ఏ కథలోదండీ?" అని అడిగాడు.

కాంపౌండరుగారికి చెమటలు పోశాయి. చేతికి ఏ పలక దొరికితే ఆ పలక తోసేశారు. అది యోనాను మింగిన పెద్దచేప బొమ్మ. చేపలు పట్టే ఊరు కదండీ! మగవాళ్ళంతా ఒక్కసారిగా ప్రాణం లేచివచ్చినట్టు కదిలారు. "కొర్రమీనేరా!" అని ఒకడు. "కొర్రమీనుకు అలాంటి తోకెక్కడిదిరా గుడ్డోడా, అది వాలుగ!" అని ఇంకొకడు. వాళ్ళు ఆ చేప జాతి తేల్చుకుంటూ ఉండగా మేము దీపం ఆర్పేశాం. వెళ్ళేముందు ఊరిపెద్ద వచ్చి, "మీరంటే మాకు దేవుడితో సమానమండీ. కానీ ఆడకూతుళ్ళు ఉన్నచోట ఇలాంటి బొమ్మలెయ్యకండి" అన్నాడు చేతులు జోడించి.

పొద్దున్న వైద్యానికి ఒక్క ఆడమనిషి రాలేదు. డాక్టరమ్మగారు ఖాళీ బల్ల ముందు కూర్చుని, "మనము ఓడిపోతిమి" అన్నారు.

"ఓడింది బొమ్మండీ అమ్మగారూ, మనం కాదు," అని బైబిలు స్త్రీ లేచింది. "అమ్మాయ్, రోకటి చప్పుడు వినిపిస్తోందా? రోకలి ఉన్నచోట ఆడవాళ్ళుంటారు, మగవాళ్ళుండరు. పద."

ఆ ఇంటి కూతురు కడుపుతో ఉంది. ఒడిలో చలిమిడి పెట్టి అత్తవారింటికి సాగనంపుతున్నారు. నానబెట్టిన బియ్యం దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి ముద్ద చేస్తున్నారు. వాడలో ఆడవాళ్ళందరూ పెరట్లో ఉన్నారు. మమ్మల్ని చూడగానే కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంటి యజమానురాలు ఒక ముసలావిడ, ఎండుచేపలా సన్నగా, పదునుగా ఉంటుంది. "రండమ్మా రండి. ఈ పూట కూడా బొమ్మ తెచ్చారా? మా ఆయన రాత్రంతా నిద్రపోలేదండీ!" అంది. పెరడంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులో అందరికంటే గట్టిగా నవ్వింది మా బైబిలు స్త్రీయే.

నవ్వాక మనుషులు దగ్గరవుతారు. పళ్ళెంలో నున్నగా, మెత్తగా, నేతి తడితో మెరుస్తున్న చలిమిడి చూస్తే నాకొక ఆలోచన వచ్చింది. అది నాది కాదు, పైనుంచి వచ్చిందనే ఇప్పటికీ నమ్ముతాను. "మామ్మగారూ, రెండు ముద్దలు ఇప్పిస్తారా? తినడానికి కాదండీ, ఆటకి" అన్నాను. గుమ్మం పక్కన చింతపండు ఒలిచిన గింజలున్నాయి. అటు తిరిగి ఒక గింజను ఒక ముద్ద లోపలికి నొక్కేసి పైన నున్నగా సర్ది, గింజ లేని ముద్ద ఇంకొకటి పక్కన పెట్టాను. "గింజ ఏ ముద్దలో ఉంది, ఎక్కడుంది? గిల్లకూడదు, విడదీయకూడదు. మూడు వేళ్ళూ ఇలా చదునుగా ఆనించి, మెల్లగా చుట్టూ తిప్పాలి."

కడుపుతో ఉన్న పిల్ల ముందు చూసి, "రెంట్లోనూ లేదండీ, నర్సమ్మగారు మోసం" అంది. "ఇటివ్వవే. చేప కడుపులో గుడ్లున్నాయో లేదో పైనుంచి తడిమి చెప్పేదాన్ని నేను!" అని ముసలావిడ లాక్కుని, పట్టుకోగానే గింజ ఎక్కడుందో చూపించేసింది. ఇంక చూడండి పోటీ. గింజను లోతుకు దాచమని ఒకరు, చిన్న గింజ పెట్టమని ఒకరు. ఆ సందట్లోనే బైబిలు స్త్రీ మాట కలిపింది. "అమ్మా, రాత్రి దొరసానమ్మగారు చెప్పబోయింది ఇదేనమ్మా. స్నానం చేసేటప్పుడు మన ఒంటిని మనం ఇలా చూసుకోవాలని. గింజ తగిలితే, నొప్పి లేకపోయినా సరే, వచ్చి చూపించమని. తగిలిందల్లా రాచపుండు కాదు. అవునో కాదో చెప్పాల్సింది మాత్రం డాక్టరు, జిల్లేడాకు కాదు."

ముద్ద ఆ ఇంటి చిన్నకోడలి దగ్గరికి వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి, దిట్టమైన ఒళ్ళు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని తాడేపల్లిగూడెం సంతకు రైల్లో వెళ్ళి అమ్ముకొచ్చేది. అప్పటిదాకా అందరినీ ఎగతాళి చేస్తున్నది ఆమే. వేళ్ళు ఆనించింది. తిప్పింది. ఒకచోట ఆగింది. గింజ దొరికిందని అనలేదు. వేళ్ళు అక్కడే ఉంచి నా మొహంలోకి చూసింది.

"ఇంతే ఉందండీ," అంది.

"ఏదమ్మా?"

"నాకున్నది. ఇలాగే, గట్టిగా. దసరా ముందు నుంచీ." వెంటనే నవ్వబోయింది. "నొప్పేం లేదండీ!"

పెరట్లో రోకలి ఆగిపోయింది.

ముసలావిడ మొహం నల్లబడింది. నామీద లేచింది. "ఆసుపత్రి మాట ఎత్తకండమ్మా. మా పెద్దకోడల్ని మింగింది మీ ఆసుపత్రే కదా? మూడేళ్ళనాడు మాటలాడుతూ వచ్చిన మనిషిని మోసుకుని తెచ్చుకున్నాం. కత్తి పెట్టి చంపేశారు!"

ఆ పెద్దకోడలు నాకు గుర్తుంది. రోజూ పుండు కడిగి కట్టు కట్టింది నేనే. వాదించాలనిపించలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, "మామ్మగారూ, ఆమెకు మేము కత్తి పెట్టలేదండీ" అన్నాను. "పెట్టడానికి చోటు మిగల్లేదు. కడిగాను, కట్టాను, రాత్రిళ్ళు పక్కన కూర్చున్నాను. అంతకుమించి చెయ్యడానికి మాకేమీ లేకపోయింది."

ఆవిడ నా చెయ్యి విదిలించుకోబోయి ఆగింది. "కత్తే పెట్టలేదా?"

"లేదండీ."

చిన్నకోడలి రెక్క పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయింది. నన్నూ రమ్మంది. తలుపు వేసి, కోడలి రవికె ముడి విప్పి, చేపను తడిమిన ఆ వేళ్ళతో తడిమింది. ఒకచోట ఆగింది.

"పెద్దదానికీ మొదట్లో ఇలాగే ఉండేదే," అంది మెల్లగా. "ఇంతే ఉండేది. నా చేతుల్తోనే ఆకులు కట్టాను." కళ్ళు తుడుచుకుని, ఒక్కసారిగా గొంతు పెంచింది. "ఇంక ఆకుల్లేవు, గీకుల్లేవు. రైలెక్కు."

"నొప్పి లేకుండా ఆసుపత్రేంటత్తా! చేప బాగా పడే రోజులు, గంప ఎవరెత్తుతారు?"

"చేప కొల్లేట్లోనే ఉంటాదిలే, ఎక్కడికీ పోదు. నోర్మూసుకుని రైలెక్కు."

ఇక్కడొక చిక్కు వచ్చిపడింది. చలిమిడి పట్టుకుని ఆడపిల్ల శుభంగా గడప దాటే రోజున, అదే గడప దాటి కోడలు ఆసుపత్రికి వెళ్ళకూడదట. రెండు రోజులు ఆగుదామన్నారు ఎవరో. రెండు రోజులంటే రెండు నెలలని నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోగా ముసలావిడే దారి తీసింది. "మన గడప దాటకూడదు, అంతేగా? పెరటి దడి తీసి పక్కింట్లోకి పంపుతాను. వాళ్ళ గుమ్మంలోంచి బయల్దేరుతుంది. ఏమ్మా, మీకేమన్నా అభ్యంతరమా?" అని పక్కింటావిణ్ణి అడిగింది. "నా గుమ్మానికేం, గేదెలే వెళ్తున్నాయి" అందావిడ. బైబిలు స్త్రీ నా చెవిలో, "దేవుడు గడపలు లెక్కపెడతాడా అమ్మాయ్?" అంది నవ్వాపుకుంటూ. ప్రాణం కాపాడే దారి దడి కంతలోంచి ఉంటే దడి కంతకే స్తోత్రమని నేనన్నాను. చిన్నకోడలి మొగుణ్ణి వలల దగ్గరనుంచి పిలిపిస్తే, తడి పంచెతో వచ్చి నిలబడి, "అమ్మ ఎలాగంటే అలాగేనండీ" అన్నాడు. కూతురు ఒడిలో చలిమిడితో ఒక దోనెలో, కోడలు మాతోపాటు ఇంకొక దోనెలో. ఒకరికొకరు చేతులూపుకుంటూ వెళ్ళారు.

డాక్టరమ్మగారు ఆపరేషనుకు ముందు ఎప్పుడూ చేతులు కడుక్కుని, కళ్ళు మూసుకుని ప్రార్థించేవారు. ఆ రోజు వరండాలో ముసలావిడ కూడా వాళ్ళ పెద్దింటమ్మ తల్లికి మొక్కుకుంటూ కూర్చుంది. మొగుడు కుండలో నీళ్ళు పోసి, ప్రాణంతో ఉన్న కొర్రమీనులు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక ఆపరేషను గది ముందే పట్టుకుని నిలబడ్డాడు. అందులో ఒకటి ఎగిరి మేట్రనమ్మగారి తెల్లబూట్ల మీద పడింది. వాటిని పట్టుకునే హడావిడిలో ఆ కుటుంబానికి భయపడడానికి తీరికే లేకపోయింది.

గడ్డను పరీక్షకు పంపితే, క్యాన్సరే అని వచ్చింది. కానీ చంక కింది బిళ్ళలకు పాకలేదు. ఆ జవాబు చదివి డాక్టరమ్మగారు కుర్చీలోంచి లేచి, "సమయమునకు వచ్చితివి! సమయమునకు వచ్చితివి!" అని ఆమె మంచం చుట్టూ తిరిగారు. వార్డంతా నాటకం చూసినట్టు చూసింది.

ఆ రోజుల్లో ఆపరేషనంటే చాలా కోసేవారు. తరువాత చెయ్యి పైకి లేవదు. గంప ఎత్తుకునే మనిషికి చెయ్యి లేవకపోతే బతుకెలా? అందుకని గోడకు ఎదురుగా నిలబడి, చీమలా వేళ్ళతో గోడ మీదికి ఎక్కించమనేవాళ్ళం. అత్తగారు పొయ్యిబొగ్గు తెచ్చి, కోడలి వేళ్ళు ఎంతదాకా వెళ్తే అంతదాకా రోజూ గీత గీసేది. "నిన్నటి గీత దాటవే దొంగముండా, పూటకింత అన్నం తింటున్నావుగా!" అని అదిలించేది. పక్కమంచాల వాళ్ళు పందేలు కాసేవారు. కొత్తగా సున్నం కొట్టిన గోడ పాడైందని మేట్రనమ్మగారు మండిపడితే, "ఆ గోడను ముట్టకుడి" అని డాక్టరమ్మగారు ఆజ్ఞ వేశారు. గీతలు ఆమె తల దాటిన రోజున వార్డులో చప్పట్లు కొట్టారు. తరువాత చాలా ఏళ్ళకు తాడేపల్లిగూడెం సంతలో కనిపించింది. చంకన మనవడు, నెత్తిన గంప.

ఎన్నో సంగతులు చెప్పాను గాని, నాకు కళ్ళముందు నిలిచిపోయిన రోజు వేరు. ఆమె ఇంటికి వెళ్ళిన తరువాతి వేసవి. ఓపీలో జనం కిటకిటలాడుతున్నారు. ఒకరిమీద ఒకరు పడి మూలుగుతున్నారు. ఆ మధ్యలోంచి చిన్నకోడలు, వెనకాల కొంగులు బిగించుకున్న ముగ్గురు ఆడవాళ్ళు, అందరి వెనకా తోలుకొస్తున్నట్టు అత్తగారు. ముగ్గురూ నిగనిగలాడుతూ ఉన్నారు. వరసలో ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? "ఏంటమ్మా, మేం చస్తూ కూర్చుంటే ముందుకు తోసుకొస్తున్నారు? వీళ్ళకేం జబ్బు? నొప్పా?" అని గదిమారు.

చిన్నకోడలు నడుం మీద చెయ్యి వేసుకుని, ఓపీ అంతా వినపడేలా చెప్పింది. "లేదండీ. వీళ్ళకి నొప్పేమీ లేదండీ. అందుకే తీసుకొచ్చాను."

డాక్టరమ్మగారు కుర్చీలోంచి అమాంతం లేచారు. ముగ్గురినీ చూశారు. ఇద్దరికి ఏమీ లేదు, ఒకామెది హాని లేని గడ్డ. నవ్వుకుంటూ మధ్యాహ్నం రైలుకే వెళ్ళిపోయారు. ఏమీ లేదని తెలుసుకోవడానికి లంకలోంచి ఆడవాళ్ళు ఆసుపత్రికి రావడం నేను చూడటం అదే మొదలు.

అమ్మాయిలూ, మీకిప్పుడు లోపలిదాకా చూసే యంత్రాలున్నాయి. సంతోషం. అయితే యంత్రం దగ్గరికి మనిషిని నడిపించాల్సింది ఇంకా మనిషే. సిగ్గుపడే అక్క, పని తెమలదనే వదిన, నొప్పి లేదు కదా అనే అమ్మ ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. చదువుతున్న చోటనే ఒక్కసారి కళ్ళు మూసుకుని నాతోపాటు అనండి. "తండ్రీ, మాకు నొప్పి తెలిసేలోగా నీకు మా బాధ తెలుసు. దాగినదాన్ని వెదికే వేళ్ళు మాకివ్వు, కనిపించినదాన్ని చెప్పే ధైర్యమివ్వు, విన్నవారికి తొందరనివ్వు. ఈ రాత్రి ఎక్కడో ఒక చెల్లెలు గడ్డ తగిలి, ఎవరికీ చెప్పకుండా పడుకుని ఉంటుంది. ఆమె పక్కన ఎవరినైనా కూర్చోబెట్టు. ఎవరూ లేకపోతే మమ్మల్నే పంపు. ఆమేన్."

ఆమేన్ అన్నారా? అయితే లేవండి. ఆ చెల్లెలు మీ ఇంట్లోనే ఉందేమో అడిగి చూడండి.